సింథ్ కొనే ముందు ఒక్క ప్రశ్న: శాలిబండ గదిలో 25,000 రూపాయల లెక్క

శాలిబండ క్లాక్ టవర్ దగ్గరి గల్లీలో మా ఇల్లు. పగలంతా ఆఫీసులో కోడ్ రాస్తా, రాత్రి మేడ మీద గదిలో పాటలు మిక్స్ చేస్తా. పాటలు నావి కాదు, మా గల్లీలో ఉండే ఒక తమ్ముడివి. బరాత్‌లలో, బోనాలప్పుడు బ్యాండ్‌తో ప్యాడ్ వాయిస్తాడు. వాడే రాసుకుంటాడు, వాడే పాడతాడు, ఫోన్‌లోనే రికార్డ్ చేస్తాడు.

పోయినేడు వచ్చి, "అన్నా, 14,000 జమ చేసిన. మంచి సింథ్ ఒకటి చెప్పవా?" అన్నాడు. నేను నాలుగు వీడియోలు చూసి, స్పెక్స్ పక్కపక్కన పెట్టి, సెకండ్ హ్యాండ్‌లో ఒక చిన్న అనలాగ్ సింథ్ కొనిపించా. సౌండ్ మాత్రం అదిరింది. కానీ మొదటి ఫంక్షన్‌లోనే ఇరుక్కున్నాం. ఇంట్లో గంటసేపు నాబ్‌లు తిప్పి తయారు చేసుకున్న లీడ్ సౌండ్, మధ్యలో ఇంకో పాటకి నాబ్‌లు మార్చాక మళ్లీ రాలేదు. ఆ మెషీన్‌లో సౌండ్‌ని సేవ్ చేసుకునే మెమరీయే లేదు. ఆ సంగతి మాన్యువల్‌లో స్పష్టంగానే ఉంది, చదవంది నేను. రెండు నెలల తర్వాత 9,500కి అమ్మేశాం. పోయిన 4,500 వాడికి మూడు బరాత్‌ల కూలి. వాడు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అదే ఇంకా బాధ.

ఈ ఏడాది వాడి దగ్గర 25,000 ఉన్నాయి. వచ్చే ఆషాఢానికి సొంత బోనాల పాట రిలీజ్ చేయాలని పట్టుదల. ఈసారి స్పెక్స్ జోలికి వెళ్లకముందే ఒక ప్రశ్న రాసుకున్నాం: ఈ డబ్బా మన దగ్గర ఇప్పుడు లేని ఏ పని చేస్తుంది? దానికి జవాబు దొరికాకే డబ్బు తీశాం. మీరు కూడా తక్కువ బడ్జెట్‌లో మ్యూజిక్ గేర్ కొనాలనుకుంటే, మేం నడిచిన దారి ఇదీ.

ముందు చేతిలో ఉన్నవి లెక్కపెట్టండి

నిజానికి సౌండ్ల కొరత ఇప్పుడు ఎవరికీ లేదు. ల్యాప్‌టాప్ ఉంటే వైటల్ అనే సింథ్ ఉచిత వెర్షన్ ఉంది. సర్జ్ ఎక్స్‌టీ పూర్తిగా ఓపెన్ సోర్స్. 1983లో వచ్చి సినిమా పాటల్లోనూ మోగిపోయిన యమహా డీఎక్స్7 లాంటి ఎఫ్‌ఎం సౌండ్లు కావాలంటే డెక్స్‌డ్ ఉంది, అదీ ఉచితమే. పెద్ద పెద్ద రివర్బ్, డిలే కోసం వల్‌హల్లా సూపర్‌మాసివ్ ఫ్రీగా దొరుకుతుంది. ఫోన్‌లో బ్యాండ్‌ల్యాబ్ ఉంది. ఐఫోన్ అయితే గ్యారేజ్‌బ్యాండ్. కొంచెం డబ్బు పెడితే కోవాలా శాంప్లర్, ఎఫ్‌ఎల్ స్టూడియో మొబైల్.

కాబట్టి "ఈ సింథ్‌లో 500 సౌండ్లు ఉన్నాయి" అనే మాటకి పడిపోకండి. హార్డ్‌వేర్ ఇచ్చేది వేరే. చేతికి నాబ్ దొరుకుతుంది, నోటిఫికేషన్లు రావు, ఆన్ చేయగానే మోగుతుంది. స్క్రీన్ మీద మౌస్‌తో గంటలో రాని ఐడియా, నాబ్ తిప్పుతుంటే రెండు నిమిషాల్లో రావచ్చు. అది మీకు నిజంగా కావాలా అన్నది తేలాలంటే, ముందు ఒక నెల ఫ్రీ సాఫ్ట్‌వేర్‌తో పాట చేయండి. ఎక్కడ ఆగిపోతున్నారో అప్పుడు తెలుస్తుంది. కొనాల్సింది ఆ చోటికి.

మా వాడు ఎక్కడ ఆగాడో చెప్తా. మొదటిది, వోకల్ ఫోన్ మైక్‌తో తీయడం వల్ల గది మోత, గల్లీలో హారన్లు అన్నీ వచ్చేస్తున్నాయి. రెండోది, ప్యాడ్ వాయించే చేతికి స్క్రీన్ మీద ట్యూన్ కట్టడం రావట్లేదు. మూడోది, మిక్స్ బ్లూటూత్ బడ్స్‌లో వినడం. ఈ మూడింటిలో సింథ్ సమస్య ఒక్కటే, అది కూడా సగమే.

సింథ్ లోపల ఏం జరుగుతుంది?

కొత్తవాళ్ల కోసం రెండు నిమిషాలు. సింథ్‌లో ముఖ్యంగా మూడు భాగాలు. ఆసిలేటర్ సౌండ్ పుట్టిస్తుంది. ఫిల్టర్ దాన్ని చెక్కుతుంది. ఎన్వలప్ అది ఎంత త్వరగా లేవాలి, ఎంతసేపట్లో తగ్గాలి అని చెప్తుంది.

ఫిల్టర్ అర్థం కావాలంటే మా గల్లీకి రండి. బరాత్ వెళ్తున్నప్పుడు తలుపు మూసుకుని కూర్చుంటే "ధమ్ ధమ్" అనే లో సౌండ్ మాత్రమే లోపలికొస్తుంది. తలుపు మెల్లగా తెరిస్తే తాళం, బాకా, కేకలు ఒక్కొక్కటే వినిపిస్తాయి. లో-పాస్ ఫిల్టర్ చేసేది సరిగ్గా ఇదే. కటాఫ్ నాబ్ అంటే ఆ తలుపు. పాటలో డ్రాప్ వచ్చే ముందు సౌండ్ మూసుకుని మెల్లగా విచ్చుకుంటుంది కదా, ఎవరో ఆ తలుపు తెరుస్తున్నారన్నమాట.

అనలాగా, డిజిటలా అన్న గొడవ మొదటి సింథ్ కొనేవాళ్లకి అనవసరం. ఊరేగింపు స్పీకర్లలో, ఫోన్‌లో వినేవాళ్లకి ఆ తేడా దాదాపు తెలియదు. అనలాగ్‌లో సౌండ్ విద్యుత్ సర్క్యూట్ నుంచి నేరుగా వస్తుంది, డిజిటల్‌లో చిప్ లెక్కగడుతుంది. రెండింటిలోనూ బాగున్నవి ఉన్నాయి.

స్పెక్ షీట్‌లో నిజంగా చూడాల్సినవి

పాలిఫనీ: ఒకేసారి ఎన్ని స్వరాలు మోగుతాయి. ఒక్కటే అయితే బేస్‌కి, లీడ్‌కి చాలు. కార్డ్స్ కావాలంటే కనీసం మూడు నాలుగు ఉండాలి.

మెమరీ: నన్ను ముంచింది ఇదే. "మెమరీ ఉంది" అని రాసి ఉంటే ఆగి చదవండి. కొన్నిట్లో మీరు వాయించిన సీక్వెన్స్ సేవ్ అవుతుంది, నాబ్ పొజిషన్లు కావు. స్టేజ్ మీద వాడాలంటే సౌండ్ సేవ్ అవ్వాల్సిందే.

సింక్, మిడి: ల్యాప్‌టాప్‌తో, డ్రమ్ మెషీన్‌తో ఒకే టెంపోలో నడవాలంటే ఈ పోర్టులు కావాలి. చిన్న మెషీన్లలో మిడికి పెద్ద ఐదు పిన్నుల సాకెట్ బదులు 3.5 ఎంఎం జాక్ ఉంటుంది. దానికి అడాప్టర్ వేరే కొనాల్సి రావచ్చు.

ఆడియో ఇన్: బయటి సౌండ్ లోపలికి పంపి ఎఫెక్ట్ వేసుకోవచ్చా? ఈ ఒక్క జాక్ ఉంటే సింథ్ కాస్తా ఎఫెక్ట్స్ బాక్స్ కూడా అవుతుంది.

ట్యూనింగ్: మన పాటలకి ఇది ముఖ్యం. హార్మోనియం, సన్నాయి అన్నీ కచ్చితంగా 440 హెర్ట్జ్‌లో ఉండవు. సింథ్‌లో మాస్టర్ ట్యూన్ మార్చుకునే వీలుందా, ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారే గ్లైడ్ ఉందా చూడండి. కార్గ్ మోనోలాగ్‌లో అయితే మైక్రోట్యూనింగ్ కూడా ఉంది, అంటే ఒక్కో స్వరాన్ని విడిగా కొంచెం ఎక్కువ తక్కువ చేసుకోవచ్చు.

ఈ గ్లైడ్ గురించి ఒక కథ చెప్పాలి. రోలాండ్ టీబీ-303 అనేది 1980ల మొదట్లో వచ్చింది. తోడుగా బేస్ గిటార్ వాయించేవాళ్లు లేని మ్యూజిషియన్ల కోసం చేశారు. బేస్ గిటార్‌లా అస్సలు మోగలేదు, 1984కల్లా తయారీ ఆపేశారు. కానీ బొంబాయిలో చరణ్‌జిత్ సింగ్ అనే సినిమా సంగీతకారుడు అదే 303ని, టీఆర్-808 డ్రమ్ మెషీన్‌ని, జూపిటర్-8ని కలిపి పది రాగాలను డిస్కో బీట్ మీద వాయించి 1982లో రికార్డ్ వేశాడు. రాగానికి కావాల్సిన జారుడు 303లోని స్లైడ్‌లో దొరికింది. ఆ రికార్డ్ అప్పుడు ఎవరికీ పట్టలేదు. 2010లో మళ్లీ విడుదలయ్యాక ప్రపంచమంతా ఆశ్చర్యపోయింది. ఎందుకంటే, షికాగోలో కుర్రాళ్లు ఇదే 303తో యాసిడ్ హౌస్ అనే సంగీతాన్ని పుట్టించింది ఆ తర్వాత ఐదేళ్లకి. ఒక పనికి పనికిరాని మెషీన్ ఇంకో పనికి సరిగ్గా సరిపోయింది. మా ప్రశ్న మళ్లీ అదే: మన పని ఏంటి?

ఏ పనికి ఏది?

ధరలు మారుతుంటాయి కాబట్టి ఇక్కడ ఎంత అని రాయట్లేదు. కొన్ని ఉదాహరణలు చూద్దాం.

స్టేజ్ మీద, ఆర్కెస్ట్రాలో వాయించాలంటే చిన్న సింథ్ కంటే అరేంజర్ కీబోర్డే నయం. మన దగ్గర అందరూ ఏ బ్రాండ్ అయినా "క్యాసియో" అనే పిలుస్తారు కదా, అదే. క్యాసియో, యమహా రెండూ ఇండియా కోసం తబలా లాంటి సౌండ్లు, మన రిథమ్‌లు పెట్టి ప్రత్యేక మోడళ్లు అమ్ముతున్నాయి. క్యాసియోలో సీటీ-ఎక్స్870ఐఎన్, యమహాలో పీఎస్ఆర్-ఐ500 అలాంటివే.

నాబ్‌లు తిప్పుతూ సింథసిస్ నేర్చుకోవాలంటే కార్గ్ వోల్కా సిరీస్. 2013లో మొదలైంది. వోల్కా కీస్ మూడు స్వరాల అనలాగ్, డిలే లోపలే ఉంది, ఆరు పెన్సిల్ బ్యాటరీలతో నడుస్తుంది. అందులో సీక్వెన్స్‌లు సేవ్ అవుతాయి, నాబ్ సౌండ్ కాదు. వోల్కా ఎఫ్‌ఎంలో సౌండ్లు సేవ్ చేసుకోవచ్చు, పాత డీఎక్స్7 సౌండ్లు కూడా ఎక్కించుకోవచ్చు.

సౌండ్ మెమరీ, కీస్ రెండూ కావాలంటే ఆర్టూరియా మైక్రోఫ్రీక్. డిజిటల్ ఆసిలేటర్లు, అనలాగ్ ఫిల్టర్, 25 టచ్ కీస్. కానీ అందులో ఎఫెక్ట్స్ లేవు, అవి వేరే చూసుకోవాలి.

జేబులో పెట్టుకుని శాంపిల్స్ తీయాలంటే టీనేజ్ ఇంజనీరింగ్ పీవో-33. లోపలే మైక్ ఉంది, మొత్తం 40 సెకన్ల శాంపిల్ పడుతుంది. అయితే ఇదే పని మీ ఫోన్‌లో కోవాలా శాంప్లర్ కూడా చేస్తుందని మర్చిపోకండి.

సింథ్, ఎఫెక్ట్ రెండూ ఒకే చిన్న డబ్బాలో కావాలంటే కార్గ్ ఎన్‌టీఎస్-1. విడిభాగాల కిట్‌గా వస్తుంది, సోల్డరింగ్ అక్కర్లేదు, స్క్రూడ్రైవర్‌తో బిగించుకోవడమే. ఒకేసారి ఒక్క స్వరమే, కానీ ఆడియో ఇన్ ఉంది, లోపల మాడ్యులేషన్, డిలే, రివర్బ్ ఉన్నాయి. నాలాంటి కోడింగ్ వాళ్లకి ఇంకో ఆనందం, లోగ్ ఎస్‌డీకే అనే కిట్‌తో సొంత ఆసిలేటర్లు, ఎఫెక్ట్‌లు ప్రోగ్రామ్ రాసి ఇందులో ఎక్కించొచ్చు.

ఎఫెక్ట్స్: రెండు చాలు

మొదట్లో కావాల్సినవి రివర్బ్, డిలే. మిగతావన్నీ తర్వాత. ల్యాప్‌టాప్‌లో మిక్స్ చేసేవాళ్లకి ఫ్రీ ప్లగిన్లు సరిపోతాయి. స్టేజ్ మీద లైవ్‌గా కావాలంటేనే పెడల్ కొనండి. జూమ్ ఎంఎస్-70సీడీఆర్ లాంటి మల్టీ పెడల్‌లో కోరస్, డిలే, రివర్బ్ మూడూ ఉంటాయి, స్టీరియో ఇన్, అవుట్ రెండూ ఉన్నాయి. ఒక్కో ఎఫెక్ట్‌కి ఒక్కో పెడల్ కొనే ఖర్చు తప్పుతుంది.

డిలే టైమ్ చెవితో వెతక్కండి, లెక్క ఉంది. 60,000ని పాట బీపీఎంతో భాగించండి. 120 బీపీఎం అయితే ఒక బీట్‌కి 500 మిల్లీసెకన్లు. దాంట్లో ముప్పావు వంతు, అంటే 375 పెడితే సింథ్ లైన్ బీట్ చుట్టూ తిరుగుతున్నట్టు ఉంటుంది.

రివర్బ్‌లో మాత్రం చెయ్యి వెనక్కి లాక్కోండి. మేం మొదటి మిక్స్‌లో వోకల్‌కి బోలెడు రివర్బ్ వేశాం, హెడ్‌ఫోన్లలో గుడిలో పాడినట్టు ఉంది. అదే ఫైల్ బయట పెద్ద స్పీకర్‌లో పెడితే ఒక్క మాట అర్థం కాలేదు. బోనాల మర్నాడు ఊరేగింపు నడిచే మా పాతబస్తీ రోడ్లకి రెండు వైపులా గోడలే. వీధే పెద్ద రివర్బ్. పాట మోగే చోట మోత ముందే ఉంటే, మిక్స్ పొడిగా ఉండాలి.

లేటెన్సీ, కరెంట్, గుయ్‌మనే శబ్దం

కీ నొక్కినప్పటి నుంచి చెవికి వినిపించేదాకా పట్టే టైమే లేటెన్సీ. 48,000 శాంపిల్ రేట్‌లో బఫర్ 256 పెడితే సుమారు 5.3 మిల్లీసెకన్లు, 1024 పెడితే 21.3. ఇది బఫర్ ఒక్కదాని వంతే, మొత్తం ఇంకొంచెం ఎక్కువ ఉంటుంది. 10 మిల్లీసెకన్లంటే స్పీకర్‌కి దాదాపు 3.4 మీటర్ల దూరంలో నిలబడి విన్నట్టు. అంతవరకు చెయ్యి సర్దుకుంటుంది. బ్లూటూత్‌లో అది చాలాసార్లు వంద మిల్లీసెకన్లు దాటుతుంది, తీన్మార్ వాయించేవాడికి నరకం. అందుకే రికార్డింగ్‌కి వైర్డ్ హెడ్‌ఫోన్లే. ఆండ్రాయిడ్‌లో 5.0 నుంచి యూఎస్‌బీ ఆడియో, 6.0 నుంచి మిడి సపోర్ట్ ఉన్నాయి కాబట్టి, చాలా ఫోన్లకి ఓటీజీతో ఆడియో ఇంటర్‌ఫేస్ పెట్టి చూడొచ్చు. కొనే ముందు మీ ఫోన్‌తోనే టెస్ట్ చేయండి.

అడాప్టర్ల దగ్గర జాగ్రత్త. 9 వోల్టులని రాసి ఉంటే చాలదు. చాలా గిటార్ పెడల్స్‌కి పిన్ మధ్యలో నెగటివ్, వోల్కాలకి మధ్యలో పాజిటివ్. అడాప్టర్ మీద, మెషీన్ మీద ఉన్న చిన్న గుర్తు రెండూ కలవాలి. ఉల్టా పెడితే మెషీన్ కాలిపోవచ్చు.

పాత ఇళ్లలో ఎర్తింగ్ సరిగా ఉండదు. మాకు రికార్డింగ్‌లో గుయ్‌మని శబ్దం వచ్చేది, మన కరెంట్ 50 హెర్ట్జ్ కదా, అదే. ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకేస్తే పోయింది. చిన్న సింథ్‌ని పవర్ బ్యాంక్ మీద నడపడం కూడా మంచి మందు, కానీ కొన్ని పవర్ బ్యాంకులు కరెంట్ తక్కువ లాగితే ఫోన్ నిండిందనుకుని ఆగిపోతాయి. ముందే చూసుకోండి.

సెకండ్ హ్యాండ్ అయితే

సౌండ్ మోగుతుండగా ప్రతి నాబ్ చివరిదాకా తిప్పండి, కరకరమంటే లోపల దుమ్ము లేదా అరుగుదల. ప్రతి జాక్‌లో కేబుల్ పెట్టి కొంచెం కదపండి, సౌండ్ తెగితే వదిలేయండి. బ్యాటరీ మూత తీసి తెల్లటి, ఆకుపచ్చ పొడి ఉందా చూడండి. ఒరిజినల్ అడాప్టర్ అడగండి. విదేశాల నుంచి తెప్పిస్తే షిప్పింగ్, కస్టమ్స్, పన్ను కలిపాకే ధర చూడండి, వారంటీ ఇక్కడ పనిచేస్తుందా కనుక్కోండి.

మేం ఏం కొన్నాం?

సెకండ్ హ్యాండ్ ఆడియో ఇంటర్‌ఫేస్ 6,000. వైర్డ్ హెడ్‌ఫోన్లు 3,500. సెకండ్ హ్యాండ్ 25 కీల మిడి కీబోర్డ్ 4,000. సెకండ్ హ్యాండ్ ఎన్‌టీఎస్-1 8,000. కేబుళ్లు 1,200. మొత్తం 22,700. మైక్ వాడి బ్యాండ్‌లోదే తెచ్చాం. మిగిలిన 2,300 వాడి దగ్గరే ఉంచమన్నా, ఏదో ఒకటి పోతుంది కాబట్టి.

మీకో అనుమానం రావాలి. ఎన్‌టీఎస్-1లోనూ సౌండ్ సేవ్ చేసుకునే మెమరీ లేదు. మళ్లీ అదే తప్పా? కాదు. పోయినేడు మాకు కావాల్సింది స్టేజ్ మీద మళ్లీ మళ్లీ రావాల్సిన సౌండ్. ఈసారి గదిలో ఒక్కసారి రికార్డ్ చేస్తే చాలు, ఆ తర్వాత అది ఆడియో ఫైల్. స్టేజ్‌కి వాడి ప్యాడ్ ఎలాగూ ఉంది, గదిలో చేసిన సౌండ్‌ని శాంపిల్ చేసి అందులో వేసుకుంటాడు. మెషీన్ లోపం అదే, మా పని మారింది.

ఒక మంచి సంగతి కూడా జరిగింది. మా పాతబస్తీ మర్ఫా గురించి వినే ఉంటారు. నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన చావుష్‌లు, ఆఫ్రికా మూలాలున్న సిద్దీలు తెచ్చిన డప్పు సంగీతం. ఇంటర్నెట్‌లో దొరికే మర్ఫా లూప్ వేసేద్దామనుకున్నాం. మా వాడే, "ఊర్కే ఎవల్దో ఎందుకన్నా, చాచాని అడుగుదాం" అన్నాడు. చాచా వాడితో బరాత్‌లలో వాయించే పెద్దాయన. అడిగి, వాయించినందుకు డబ్బులిచ్చి, మేడ మీద ఒక మధ్యాహ్నం డఫ్ రికార్డ్ చేశాం. శాంపిల్ తీసే ముందు అడగండి, ఇవ్వాల్సింది ఇవ్వండి. ఏ ప్లగిన్ కంటే బాగా మోగింది మా ట్రాక్‌లో అదే.

ఆ డఫ్‌ని ఎన్‌టీఎస్-1 ఆడియో ఇన్‌లోకి పంపి డిలే వేస్తే ఒక్క మనిషి వాయించింది గుంపు వాయించినట్టు అయింది. తర్వాత సింథ్ లీడ్ మొదలుపెట్టాడు. 11 నిమిషాలు కళ్లు మూసుకుని నాబ్‌లు తిప్పాడు. అందులో పాటకి పనికొచ్చింది 8 సెకన్లే. అయిపోయాక, "అన్నా, ఆ సౌండ్ మళ్లా రాదు కదా?" అన్నాడు భయంగా.

రాదు. కానీ ఈసారి రికార్డింగ్ నడుస్తోంది.